నీలి కాంతిది కాదు నేరం

అమీర్‌పేటలోనైనా, విజయవాడ బీసెంట్ రోడ్డులోనైనా కళ్లద్దాల దుకాణానికి వెళ్లినవారికి ఈ ప్రదర్శన పరిచయమే. కౌంటర్ వెనకున్న కుర్రాడు పెన్నులాంటి చిన్న టార్చి తీసి, మామూలు అద్దం గుండా ఒక కార్డు మీదికి వెలుగు కొడతాడు. కార్డు మీద ఊదా నీలం చుక్క మెరుస్తుంది. అదే వెలుగును బ్లూ కట్ అద్దం గుండా కొడితే చుక్క మాయమవుతుంది. ‘రోజంతా కంప్యూటర్ ముందేగా సార్ మీరు? ఈ వెలుగంతా మీ కళ్లలోకే పోతోంది’ అంటాడు. బిల్లు మరికొన్ని వందలు పెరుగుతుంది. కొన్నవారు కళ్లకు కాపు దొరికిందని నిశ్చింతగా ఇంటికి వెళ్తారు.

ఆ టార్చి వెలుగు వేరు, తెర నుంచి వచ్చే వెలుగు వేరు. అలాంటి టార్చిలు సాధారణంగా 405 నానోమీటర్ల దగ్గరి ఊదా కాంతిని వెదజల్లుతాయి. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, తెల్ల ఎల్‌ఈడీ బల్బుల నుంచి వచ్చే నీలి కాంతి 450 నానోమీటర్ల చుట్టుపక్కల ఎక్కువగా ఉంటుంది. చూడటానికి రంగు లేనట్టుండే బ్లూ కట్ అద్దం మొదటిదాన్ని చాలావరకు ఆపుతుంది, రెండోదాన్ని చాలావరకు వదిలేస్తుంది. 450 దగ్గర గట్టిగా అడ్డుకోవాలంటే అద్దం పసుపుపచ్చగా కనిపించక తప్పదు, అలాంటి అద్దం పెట్టుకుని ఎవరూ ఆఫీసుకు వెళ్లరు. అందుకే బజారులో దొరికే అద్దాల్లో ఎక్కువభాగం నీలి కాంతిలో 10 నుంచి 25 శాతాన్ని మాత్రమే ఆపుతాయి.

అయినా నమ్మకం ఊరూరా పాకింది. ఫోన్ కంపెనీలు కంటి రక్షణ పేరుతో తెరను పచ్చబరిచే సెట్టింగు ఇస్తున్నాయి. 2020లో బడులు ఆన్‌లైన్‌కు మారాక సైట్ లేని పిల్లలకు కూడా తల్లిదండ్రులు పవర్ లేని బ్లూ కట్ జోళ్లు కొనిపెట్టారు. కళ్లు మండినా, లాగినా, సాయంత్రానికి తల పట్టేసినా జనం చెప్పుకునే కారణం ఒకటే: తెర నుంచి వచ్చే నీలి కాంతి. ఈ మాట తప్పు. ఎవరికీ నష్టం చేయని తప్పయితే వదిలేయవచ్చు, ఇది మాత్రం నష్టం చేస్తోంది. అలసిన కంటికి అసలు కారణాలు వెతకనివ్వడం లేదు. ఆ కారణాలకు బాధ్యులైనవారిని నిలదీయనివ్వడం లేదు. మొత్తం భారాన్ని కళ్లజోడు కొనుక్కునే మనిషి మీదికి నెట్టేస్తోంది.

ముందు భయం సంగతి చూడాలి. నీలి కాంతి కంటికి హాని చేయగలదన్న మాటలో నిజం ఉంది. గ్రహణం రోజున సూర్యుణ్ని నేరుగా చూసినవారి రెటీనా దెబ్బతినవచ్చు. ముసుగు లేకుండా వెల్డింగ్ మంటను చూసినా ప్రమాదమే. అయితే హాని ఎంతన్నది మోతాదును బట్టి ఉంటుంది. పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్ సంస్థకు చెందిన జాన్ ఓహేగన్ బృందం కంప్యూటర్లు, ట్యాబ్లెట్లు, ఫోన్లు, పొదుపు బల్బుల నుంచి వచ్చే నీలి కాంతిని కొలిచి 2016లో ‘ఐ’ అనే వైద్య పత్రికలో ఫలితాలు ప్రచురించింది. ఎక్కువసేపు చూసినా ఏ తెరా అంతర్జాతీయ భద్రతా పరిమితిని దాటలేదు. తలెత్తి నీలాకాశాన్ని చూస్తే కంటికి అందేదానికంటే తెర నుంచి అందేది తక్కువని తేలింది.

వెలుగు లెక్క చూసినా ఇదే అర్థమవుతుంది. ఆఫీసు గదుల్లో సాధారణంగా 300 నుంచి 500 లక్సుల వెలుగు ఉంటుంది. మబ్బు లేని మధ్యాహ్నం ఆరుబయట అది లక్ష లక్సుల దాకా పోతుంది. పొలంలో నాట్లు వేసే కూలీ కళ్లు ఒక్క పూటలో చూసే నీలి కాంతి ముందు గచ్చిబౌలి ఉద్యోగి తెర నుంచి అందుకునేది చాలా కొద్ది.

2018లో అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం నుంచి ఒక పరిశోధన వెలువడినప్పుడు, ఫోన్ వెలుగు గుడ్డితనం తెస్తుందన్న అర్థంలో వార్తలు ప్రపంచమంతా తిరిగాయి. ఆ ప్రయోగం మనుషుల కళ్ల మీద జరగలేదు. ప్రయోగశాలల్లో పెంచే హీలా వంటి కణాలకు రెటినాల్ అనే పదార్థం కలిపి, వాటి మీద నీలి కాంతి ప్రసరింపజేశారు. అవి రెటీనా నుంచి తీసిన కణాలు కావు. బతికున్న కంటిలో రెటినాల్‌ను పట్టి ఉంచే రక్షణ ఏర్పాట్లు ఆ పాత్రలో లేవు. కాబట్టి ఫోన్ వాడకం గురించి ఆ ప్రయోగం ఏమీ తేల్చదని అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ అప్పుడే వివరించింది. కంప్యూటర్ పని కోసం ప్రత్యేక కళ్లద్దాలను ఆ సంస్థ సిఫారసు చేయడం లేదు.

భయం తీరినా అనుభవం మిగులుతుంది. బ్లూ కట్ పెట్టుకున్నాక కళ్లు హాయిగా ఉన్నాయని చెప్పేవారు ఎందరో. వారి హాయిని కాదనక్కర్లేదు, అది ఎక్కణ్నుంచి వచ్చిందో చూడాలి. కొత్త జోడుతో పాటు చాలామందికి సరైన పవర్ కూడా వస్తుంది. ఆ అద్దం మీదే ప్రతిబింబాలను తగ్గించే పూత ఉంటుంది. డబ్బు పెట్టి కొన్న వస్తువు మేలు చేస్తుందన్న ఆశ ఉంటుంది. వీటిలో దేని ఫలితం ఎంతో విడదీసి చూడటానికే వైద్యశాస్త్రం పోలిక పరీక్షలు పెట్టింది. న్యూయార్క్‌లో మార్క్ రోజెన్‌ఫీల్డ్ బృందం 2019లో ప్రచురించిన పరీక్షలో తెరకు రెండు రకాల ఫిల్టర్లు వాడారు. ఒకటి నీలి కాంతిని 99 శాతం ఆపేది, రెండోది అన్ని రంగులనూ సమానంగా తగ్గించి వెలుగును అంతే మేరకు మసకబరిచేది. చదివినవారి కంటి అలసటలో ఈ రెంటికీ తేడా కనిపించలేదు. నీలి కాంతిని దాదాపు మొత్తం తీసేసినా దక్కని ఊరట, 10 నుంచి 25 శాతం ఆపే అద్దంతో ఎలా దక్కుతుంది?

2023 ఆగస్టులో కాక్రేన్ సంస్థ ప్రచురించిన సమీక్ష 17 పోలిక పరీక్షలను ఒకచోట చేర్చింది. ఆరు దేశాల్లో జరిగిన ఆ పరీక్షల్లో పాల్గొన్నవారు 619 మంది. మామూలు అద్దాలతో పోలిస్తే బ్లూ కట్ అద్దాలు తెర ముందు పనిచేసేవారి కంటి అలసటను తగ్గిస్తాయనడానికి ఆధారం దొరకలేదు. ఈ పరీక్షలు చిన్నవి, ఐదు వారాలకు మించి సాగనివి అన్న అభ్యంతరం సబబే. కానీ ‘పెట్టుకున్న రోజు నుంచే హాయి’ అని అమ్మే వస్తువు ఐదు వారాల్లో ఏ తేడా చూపకపోతే, రుజువు చేయాల్సిన బాధ్యత అమ్మేవారిదే. బ్రిటన్‌లో ఆ బాధ్యతను గట్టిగానే గుర్తుచేశారు. నీలి కాంతి గురించి తప్పుదారి పట్టించే ప్రచారం చేసినందుకు బూట్స్ ఆప్టీషియన్స్ సంస్థకు అక్కడి జనరల్ ఆప్టికల్ కౌన్సిల్ 2017లో 40,000 పౌండ్ల జరిమానా వేసింది.

ఇలాంటి భయం పుట్టడం ఇదే మొదటిసారి కూడా కాదు. పెద్ద డబ్బాల్లాంటి మానిటర్ల కాలంలో వాటి నుంచి వచ్చే రేడియేషన్ కళ్లను తినేస్తుందని అనుకునేవారు. కంప్యూటర్ సెంటర్లలో ప్రతి తెర ముందూ నల్లటి జాలీ లాంటి ఫిల్టర్ వేలాడేది. అమెరికా జాతీయ పరిశోధన మండలి 1983లోనే ఈ విషయాన్ని పరిశీలించి నివేదిక ఇచ్చింది. తెరలు కంటిని పాడుచేస్తున్నాయనడానికి ఆధారాలు లేవని, ఉద్యోగుల బాధలకు గదిలోని వెలుతురు, తెర మీది ప్రతిబింబాలు, అక్షరాల నాణ్యత, పని పద్ధతి కారణమని చెప్పింది. మానిటర్లు మారాయి, బల్బులు మారాయి, జేబులోకి తెర వచ్చింది. ఆ నివేదిక ఎత్తిచూపిన కారణాలు మాత్రం ఇవాళ్టికీ అలాగే ఉన్నాయి.

కళ్లు అలసిపోవడానికి అసలు కారణాల్లో మొదటిది రెప్పపాటు తగ్గడం. జపాన్ వైద్యులు ట్సుబోటా, నకమోరి 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఊరికే కూర్చున్న మనిషి నిమిషానికి సగటున 22 సార్లు రెప్ప వేస్తాడు. పుస్తకం చదివేటప్పుడు 10 సార్లు, కంప్యూటర్ ముందు 7 సార్లు. రెప్ప వేసిన ప్రతిసారీ కన్నీటి పొర కంటి మీద కొత్తగా పరుచుకుంటుంది. రెప్ప పడటం తగ్గితే ఆ పొర అక్కడక్కడా తెగి కన్ను ఆరిపోతుంది. ఇసుక పోసినట్టు నులవడం, మండటం, చూపు మసకేసి రెప్ప ఆర్పగానే తేటపడటం, ఇవన్నీ దాని గుర్తులే. రోజెన్‌ఫీల్డ్ బృందం చేసిన మరో పరీక్షలో ఒకే పాఠాన్ని కాగితం మీదా తెర మీదా చదివించారు. రెప్పపాట్ల సంఖ్య ఇంచుమించు ఒకటే, తెర ముందు మాత్రం సగం సగం పడే రెప్పలు ఎక్కువ. అంటే కన్ను ఆరిపోవడంలో ఏకాగ్రతతో రెప్ప వాల్చకుండా చూడటానిదే పెద్ద పాలు. పైన ఏసీ గాలి నేరుగా మొహానికి కొడుతుంటే ఆ ఆరుదల మరింత పెరుగుతుంది. కళ్లద్దం మీది ఏ పూతా రెప్పను వేయించలేదు.

రెండోది దగ్గరి చూపు. దూరంగా చూసేటప్పుడు కంటి లోపలి కండరం సడలి ఉంటుంది. 33 సెంటీమీటర్ల దూరంలో ఫోన్ పట్టుకుంటే కంటి కటకం 3 డయాప్టర్ల మేర ఉబ్బాలి, రెండు కళ్లూ లోపలికి తిరగాలి. గంటల తరబడి ఆ కండరాలను అదే బిగువులో ఉంచితే కళ్లు లాగుతాయి. చిన్న తెర అంటే చిన్న అక్షరం, చిన్న అక్షరం అంటే ఇంకా దగ్గర. పడుకుని ఫోన్ చూసేవారు దాన్ని ముక్కు దగ్గరికి తెచ్చుకోవడం ఇందుకే.

సరిచేయని చూపు ఈ రెండింటికంటే పెద్ద సమస్య. ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 1996 నుంచి 2000 వరకు హైదరాబాద్, పశ్చిమ గోదావరి, ఆదిలాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పది వేల మందికి పైగా ప్రజల కళ్లు పరీక్షించింది. సరైన అద్దాలు లేకపోవడం తెలుగునేల మీద చూపు తగ్గడానికి ప్రధాన కారణాల్లో ఒకటని ఆ అధ్యయనం చూపించింది. తెలంగాణ ప్రభుత్వం 2018 ఆగస్టు 15న కంటి వెలుగు మొదలుపెట్టి ఊరూరా పరీక్షలు చేసి అద్దాలు పంచింది. ఆంధ్రప్రదేశ్ 2019 అక్టోబరులో అలాంటి కార్యక్రమమే చేపట్టింది. నలభై దాటాక చత్వారం అందరికీ వస్తుంది. దాన్ని ఒప్పుకోవడానికి వెనకాడి, ఫోన్‌ను చేయి చాచినంత దూరం జరుపుతూ, కళ్లు లాగుతున్నాయి కాబట్టి బ్లూ కట్ జోడు కొనుక్కునే మనిషికి కావలసింది దగ్గరి చూపు పవర్. దాని విలువ ఎంతో అస్సాం తేయాకు తోటల్లో తేలింది. నలభై దాటిన 751 మంది కార్మికులతో జరిపిన పరీక్ష ఫలితాలు 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్‌లో వచ్చాయి. దగ్గరి చూపు అద్దాలు అందుకున్నవారి పని, అందనివారితో పోలిస్తే దాదాపు 22 శాతం మెరుగైంది. అవి చవకైన మామూలు అద్దాలు.

‘పెట్టుకుంటే పోయేదేముంది?’ అనే వాదనకు జవాబు ఇక్కడే ఉంది. చత్వారమో, అర పాయింటు ఆస్టిగ్మాటిజమో, పొడి కన్నో ఉన్న మనిషి బ్లూ కట్ కొనుక్కుని సమస్య తీరిందనుకుంటే, అసలు పరీక్ష ఏళ్ల తరబడి వాయిదా పడుతుంది. పిల్లల విషయంలో నష్టం మరీ ఎక్కువ. హ్రస్వదృష్టి రాకుండా గట్టి ఆధారం ఉన్న ఉపాయం ఆరుబయటి వెలుగు. చైనాలోని గ్వాంగ్‌ఝౌలో ఒకటో తరగతి పిల్లలకు రోజూ అదనంగా 40 నిమిషాల ఆరుబయటి పీరియడ్ పెట్టారు. మూడేళ్లలో కొత్తగా హ్రస్వదృష్టి వచ్చినవారు ఆ బడుల్లో 30.4 శాతం, మిగతా బడుల్లో 39.5 శాతం. ఈ ఫలితాలు 2015లో జామా పత్రికలో వచ్చాయి. తైవాన్ 2010 నుంచి పిల్లలను రోజుకు రెండు గంటలు బయట గడిపించే కార్యక్రమం నడుపుతోంది. ఆటస్థలం లేని అపార్ట్‌మెంట్ బడిలో చదివే పిల్లవాడికి నీలి కాంతిని ఆపే జోడు కొనిపెట్టి నిశ్చింతగా ఉండటం అంటే, వాడికి అందాల్సిన ఆకాశాన్ని పక్కనపెట్టడమే.

నిద్ర విషయంలో నీలి కాంతి వాదానికి కొంత బలం ఉంది, దాన్ని దాచక్కర్లేదు. కంటిలో మెలనోప్సిన్ అనే పదార్థమున్న కణాలు 480 నానోమీటర్ల దగ్గరి కాంతికి ఎక్కువగా స్పందించి, ఇంకా పగలే అని మెదడుకు చెబుతాయి. హార్వర్డ్ పరిశోధకులు 2015లో ప్రచురించిన ప్రయోగంలో పడుకునే ముందు నాలుగు గంటలు వెలిగే తెర మీద చదివినవారికి, కాగితం పుస్తకం చదివినప్పటికంటే నిద్ర సుమారు పది నిమిషాలు ఆలస్యంగా పట్టింది. తేడా అంతే. తెరను పచ్చబరిస్తే అయినా లాభముందా అంటే, బ్రిగమ్ యంగ్ విశ్వవిద్యాలయం 2021లో 167 మంది మీద జరిపిన పరిశీలనలో ఐఫోన్ నైట్ షిఫ్ట్ వాడినవారి నిద్రకూ వాడనివారి నిద్రకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. అర్ధరాత్రి దాకా రీల్స్ చూసేవారి నిద్రను చెడగొట్టేది ముందుగా ఆ చూడటమే.

నల్ల తెర మీద తెల్ల అక్షరాలు కంటికి మంచివన్న మాట కూడా ఈ కోవలోనిదే. జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనంలో యువకులనూ వృద్ధులనూ పరీక్షించి, తెల్ల నేపథ్యం మీద నల్ల అక్షరాలనే ఇద్దరూ మెరుగ్గా చదువుతారని చూపించారు. నేపథ్యం వెలుగ్గా ఉంటే కంటిపాప చిన్నదవుతుంది, బొమ్మ మరింత స్పష్టంగా పడుతుంది. చీకట్లో పాప పెద్దదవుతుంది, ఆస్టిగ్మాటిజం ఉన్నవారికి తెల్ల అక్షరాల చుట్టూ వెలుగు పాకినట్టవుతుంది. చీకటి గదిలో తెర వెలుగు భరించలేనివారికి డార్క్ మోడ్ ఉపశమనం ఇవ్వవచ్చు. గదిలో ఒక దీపం వేసుకున్నా ఆ ఉపశమనం దొరుకుతుంది.

వెలుగు రంగు మీద ఇంత చర్చ నడుస్తుండగా, వెలుగు మినుకు మీద ఎవరూ మాట్లాడరు. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి పాత చోక్ ట్యూబ్‌లైటు సెకనుకు 100 సార్లు వెలుగు హెచ్చుతగ్గులయ్యేది. కంటికి అది కనబడదు, అయినా శరీరం గుర్తిస్తుంది. బ్రిటన్‌లో ఆర్నాల్డ్ విల్కిన్స్ బృందం ఒక ఆఫీసులో ట్యూబ్‌లైట్ల చోక్‌లను అధిక ఫ్రీక్వెన్సీవిగా మార్చి చూసింది. 1989లో ప్రచురించిన ఫలితం ప్రకారం ఉద్యోగుల తలనొప్పులు, కంటి నొప్పులు సగానికి పైగా తగ్గాయి. 2015లో మొదలైన ఉజాలా పథకం దేశమంతటా 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచింది, కరెంటు బిల్లులు తగ్గించింది. అది మంచి పని. కానీ నాసిరకం డ్రైవర్ సర్క్యూట్ ఉన్న ఎల్‌ఈడీ బల్బు ఆ పాత ట్యూబ్‌లైటు కంటే ఎక్కువగా మినుకుతుంది. మినుకుకు ఎంతవరకు హద్దు ఉండాలో 2015లోనే ఇంజనీర్ల సంస్థ ఐఈఈఈ సిఫారసులు చేసింది. అయినా బజారులో చాలా బల్బు డబ్బాల మీద వాట్లు, ల్యూమెన్లు కనిపిస్తాయి గానీ మినుకు మాట కనిపించదు. ఫోన్ కెమెరాను స్లో మోషన్‌లో పెట్టి ఇంట్లో బల్బును చూస్తే ఎవరికి వారే తెలుసుకోవచ్చు. చాలా ఓఎల్‌ఈడీ ఫోన్లు కూడా వెలుగు తగ్గించినప్పుడు తెరను సెకనుకు కొన్ని వందల సార్లు ఆర్పి వెలిగిస్తాయి. వాటి ముందు తలనొప్పి వచ్చేవారు నీలి కాంతిని నిందిస్తూ వెలుగును ఇంకా తగ్గించి బాధను పెంచుకుంటారు.

తెలుగు చదివేవారికి వీటన్నిటికీ తోడు అక్షరం బాధ ఒకటి ఉంది. తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద ఒత్తు, ఒక్కోసారి ఒత్తు కింద మరో ఒత్తు. ద, ధ, థలకు తేడా ఒక గీత, ఒక చుక్క. ప, ష, ఫలకూ అంతే. ఇంగ్లిషు అక్షరానికి సరిపోయిన సైజులో ఈ గీతలు, చుక్కలు కలిసిపోతాయి. ఇంగ్లిషుకు కొలిచిన వరుసల దూరంలో ఒత్తులు కింది పంక్తిని తగులుతాయి, కొన్ని యాప్‌లలో సగానికి తెగిపోతాయి. దానిమీద లేత బూడిద రంగులో అక్షరాలు వేయడం ఒక ఫ్యాషన్. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య కనీసం 4.5కు 1 నిష్పత్తిలో వెలుగు తేడా ఉండాలని 2008 నుంచీ వెబ్ ప్రమాణాలు చెబుతున్నాయి. వెడల్పాటి దినపత్రిక పేజీని బొమ్మగా అరచేతి తెరలో పెట్టి, వేళ్లతో లాగి పెద్దది చేసుకుని చదువుకోమంటే, పాఠకుడి కళ్లు అలసిపోవడానికి నీలి కాంతి అవసరం లేదు. ఒత్తులకు చోటిచ్చే ఫాంటు, పెద్ద సైజు, వరుసల మధ్య దూరం, ముదురు సిరా రంగు, ఇవన్నీ డిజైనర్ చేతిలో ఉన్న పనులు. వాటికి పాఠకుడు ఒక్క రూపాయి కూడా పెట్టనక్కర్లేదు.

అందుకే ఈ నమ్మకం ఎవరికి అనుకూలమో చూడాలి. తప్పు నీలి కాంతిదైతే ఉద్యోగి జోడు కొనుక్కుంటాడు, కంపెనీ ఏమీ మార్చక్కర్లేదు. తప్పు గ్లేర్‌ది, ఏసీ గాలిది, విరామం లేని పనిది, చూపు పరీక్ష లేకపోవడానిది అయితే మార్చాల్సింది కంపెనీ. యూరప్ 1990లోనే తెరల ముందు పనిపై ఆదేశం తెచ్చింది. దాని ఆధారంగా 1992లో బ్రిటన్ చేసిన నిబంధనల ప్రకారం తెర ముందు పనిచేసే ఉద్యోగి అడిగితే యజమానే కంటి పరీక్ష చేయించాలి, ఆ పనికి ప్రత్యేకంగా అద్దాలు అవసరమైతే ఖర్చు భరించాలి, మధ్యమధ్య విరామం ఉండేలా పని సర్దాలి. వాటిలో నీలి కాంతి ఊసే లేదు. గచ్చిబౌలిలో, మాదాపూర్‌లో, విశాఖ మధురవాడలో తెరల ముందు కూర్చునేవారు తమ యాజమాన్యాలను అడగాల్సినవి ఇవే: ఏటా కంపెనీ ఖర్చుతో పూర్తి కంటి పరీక్ష, తెర దూరానికి కొలిచి ఇచ్చే అద్దాలు, కిటికీ వెలుగు తెర మీద పడకుండా వేసిన బల్ల, మినుకు లేని దీపాలు, మొహానికి ఏసీ గాలి కొట్టని సీటు, గంటకోసారి లేచి దూరంగా చూసి వచ్చే తీరిక.